రాజాంలో కుట్టు శిక్షణ సెంటర్‌కి ప్రభుత్వ పథకాల గుర్తింపు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగిపోతుంది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: రాజాంలో సొసైటీ పేరు మీద పదేళ్లుగా ఆడపిల్లలకి కుట్టుపని నేర్పుతున్నారు. అద్దె ఇంట్లో పై అంతస్తులో రెండు హాళ్లు ఉన్నాయి. పద్నాలుగు మిషన్లలో పది కాలితో తొక్కేవి. కేంద్ర, రాష్ట్ర నైపుణ్య పథకాల కింద బ్యాచ్‌లు నడపాలంటే గుర్తింపు ఎలా తెచ్చుకోవాలి, ఖర్చెంత అని అడిగారు. రెండు లక్షల డిపాజిట్ కడితే ఫ్రాంచైజీ ఇస్తామని ఒక బయటి సంస్థ అంటోందట, కట్టాలా వద్దా అనేది రెండో ప్రశ్న.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. గుర్తింపు మీ సొసైటీకి వచ్చేది కాదు. ఫలానా చిరునామాలో ఉన్న ఫలానా సెంటర్లో ఫలానా కోర్సు, ఇంతమందికి నేర్పవచ్చని వస్తుంది. కుట్టు మిషన్ ఆపరేటర్ కోర్సుకి గుర్తింపు వచ్చిందని అదే హాల్లో బ్యూటీషియన్ బ్యాచ్ పెట్టలేరు. ఎదురింటికి మారితే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే "సెంటర్‌కి గుర్తింపు ఎలా" అని కాకుండా "ఏ కోర్సు, ఏ గదిలో, ఎవరు చెబుతారు, బయటికొచ్చిన పిల్ల ఎక్కడ పనిచేస్తుంది" అని మొదలుపెట్టండి. ఈ నాలుగింటికీ సమాధానం ఉంటే దరఖాస్తు చాలావరకు అయిపోయినట్టే.

ఎవరి పని ఏమిటో ఒకసారి చూసుకుందాం. అన్నిటికీ పైన నియంత్రణ సంస్థగా ఎన్‌సీవీఈటీ, అంటే జాతీయ వృత్తి విద్య, శిక్షణ మండలి ఉంది. ఎన్‌సీవీటీ, ఎన్‌ఎస్‌డీఏ అనే రెండు పాత కేంద్ర సంస్థలని కలిపి దీన్ని ఏర్పాటు చేస్తూ 2018 డిసెంబరు 5న నోటిఫికేషన్ ఇచ్చారు. ఇది మీ సెంటర్‌ని నేరుగా గుర్తించదు. సర్టిఫికెట్ ఇచ్చే అవార్డింగ్ బాడీలని, పరీక్ష పెట్టే అసెస్‌మెంట్ ఏజెన్సీలని గుర్తిస్తుంది. కుట్టు, దుస్తుల తయారీ కోర్సులకి అప్పారెల్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ అవార్డింగ్ బాడీ. మీ గదీ, మిషన్లూ, ట్రైనరూ దాని ప్రమాణాలకి సరిపోవాలి. దరఖాస్తు, తనిఖీ, బ్యాచ్, హాజరు లాంటివి ఇదివరకు స్మార్ట్ పోర్టల్లో ఉండేవి, ఇప్పుడు స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లోకి వచ్చాయి. డబ్బిచ్చే పథకం మళ్లీ వేరు. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనది ఒక దారి, రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ పెట్టే బ్యాచ్‌లది ఇంకో దారి. రాష్ట్ర ఉపాధి కల్పన సంస్థ సీడాప్ ద్వారా మన రాష్ట్రంలో నడిచే డీడీయూ-జీకేవై (దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన) మూడోది. అది గ్రామీణ పేద యువతకి హాస్టల్‌తో సహా ఉచితంగా ఇచ్చే శిక్షణ. శిక్షణ పొందినవాళ్లలో కనీసం 70 శాతం మందికి ఉద్యోగం చూపించాలి. హాస్టల్, వార్డెన్, విడి వసతులు, ముందస్తు పెట్టుబడి అన్నీ కావాలి. పద్నాలుగు మిషన్ల సెంటర్‌కి అది తగదు, ఆ దారి వదిలేయండి. ప్రైవేటు ఐటీఐ అఫిలియేషన్ పూర్తిగా వేరే వ్యవహారం, దాని జోలికి ఇక్కడ పోను.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. గుర్తింపు వచ్చినంత మాత్రాన టార్గెట్ రాదు. టార్గెట్ అంటే ఈ జిల్లాలో ఈ కోర్సుకి ఇంతమందికి ప్రభుత్వం డబ్బిస్తుందన్న కేటాయింపు. అది విడిగా వస్తుంది, రాకపోనూ వచ్చు. గుర్తింపు చేతిలో పెట్టుకుని బ్యాచ్ లేక, అద్దెలు కడుతూ మూతపడిన సెంటర్లు ఉన్నాయి. పైగా పథకాలకి కాలపరిమితి ఉంటుంది. కౌశల్ వికాస్ యోజన నాలుగో విడత 2022–26 కాలానికి మంజూరైంది. మిషన్లకి అడ్వాన్సు ఇచ్చేముందు ఆ పథకం ఇంకా ఎన్నాళ్లు ఉంటుందో, మీ జిల్లాకి మీ కోర్సులో ఎన్ని సీట్లు ఉన్నాయో జిల్లా నైపుణ్యాభివృద్ధి కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. నోటిమాట మీద డబ్బు పెట్టొద్దు.

కోర్సు ఎంపిక దగ్గరికి వద్దాం. మీకు రెండు సహజమైన దారులున్నాయి. ఒకటి కుట్టు మిషన్ ఆపరేటర్, కోడ్ ఏఎంహెచ్/క్యూ0301. రెండోది స్వయం ఉపాధి టైలర్, కోడ్ ఏఎంహెచ్/క్యూ1947. పేర్లు దగ్గరగా ఉన్నా రెండూ ఒకటి కావు. మొదటిది ఫ్యాక్టరీ పని. వరుసలో కూర్చుని కాలరో, జేబో, సైడ్ సీమో ఒకటే ఆపరేషన్ వేగంగా, ఒకే కొలతలో కుట్టాలి. ఆ పిల్లలు అచ్యుతాపురం దుస్తుల పార్కు లాంటి చోట చేరాలి, అంటే ఇల్లు వదిలి వెళ్లాలి. రెండోది కొలతలు తీసుకోవడం, కత్తిరించడం, జాకెట్టూ డ్రెస్సూ పూర్తిగా కుట్టడం. చదువు ఆపేసిన, పెళ్లయి ఊళ్లోనే ఉండే ఆడవాళ్లకి ఇది పనికొస్తుంది. మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఎవరో మీకే బాగా తెలుసు. రాజాం, సంతకవిటి, రేగిడి వైపు నుంచి బస్సెక్కి వచ్చి, సాయంత్రం ఐదింటికల్లా ఇల్లు చేరాల్సిన ఆడవాళ్లే ఎక్కువైతే మొదటి కోర్సు పెట్టకండి. చేరతారు, పాసవుతారు, ఉద్యోగానికి మాత్రం వెళ్లరు. ఆ చివరి లెక్క మీ సెంటర్ రికార్డులో మచ్చగా మిగులుతుంది.

కోర్సు తేల్చుకున్నాక ఆ కోర్సు క్వాలిఫికేషన్ ప్యాక్ (కోర్సు ప్రమాణాల పత్రం), మోడల్ కరిక్యులం (పాఠ్య ప్రణాళిక) రెండూ డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీయండి. గంటలు, పరికరాల జాబితా, ట్రైనర్ అర్హత, ఏ అంశానికి ఎన్ని మార్కులు, పాసవడానికి ఎంత కావాలి అన్నీ వాటిలోనే ఉంటాయి. చాలామంది ఈ పేజీలు చదవకుండానే ఫీజు కట్టేస్తారు. ప్యాక్‌కి వెర్షన్ నంబరూ గడువు తేదీ కూడా ఉంటాయి. గడువు దాటిన వెర్షన్‌కి ట్రైనర్ సర్టిఫికెట్ పట్టుకుని కూర్చుంటే బ్యాచ్ తెరుచుకోదు.

ఇక కాగితాలు. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఏదో కాగితం లేకపోవడం కన్నా, ఉన్న కాగితాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం పెద్ద జబ్బు. మీ విషయంలో ముఖ్యంగా చూడాల్సినవి చెబుతాను.

రాజాం 2022 ఏప్రిల్ 4 దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ రోజు నుంచి విజయనగరం జిల్లా. పాలకొండ కూడా అలాగే పార్వతీపురం మన్యానికి వెళ్లింది. మీ సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రం, పాన్ కార్డు చిరునామా, పాత లీజు, బ్యాంకు ఖాతా, వీటిలో కొన్నిటి మీద ఇంకా శ్రీకాకుళం అనే ఉండి ఉంటుంది. టార్గెట్లు జిల్లాలవారీగా ఇస్తారు కాబట్టి ఇది చిన్న తప్పు కాదు. లీజు ఒక జిల్లా, కరెంటు బిల్లు ఇంకో జిల్లా చూపిస్తే తనిఖీకి ముందు కాగితాల మీద చేసే డెస్క్ పరిశీలనలోనే వెనక్కి పంపుతారు. ముందు పాన్, బ్యాంకు, లీజు మార్పించండి. సొసైటీ రిజిస్ట్రేషన్ పాత జిల్లాలోది అయితే జిల్లా రిజిస్ట్రార్ దగ్గర చిరునామా మార్పు చేయించుకోండి.

డోరు నంబరుదీ ఇదే తంతు. ఇంటి పన్ను రసీదు మీద ఒక నంబరు, కరెంటు బిల్లు మీద ఇంకొకటి, లీజులో "ఫలానా వీధి, ఫలానావారి మేడ" అని ఉంటుంది. మూడూ ఒకేలా ఉండాలి. ఇంటి యజమానిని ఒప్పించి ముందు పన్ను రసీదు సరిచేయించండి, మిగతావి దాన్నిబట్టి మార్చుకోవచ్చు. పదకొండు నెలల అద్దె ఒప్పందం పనికిరాదు. ఏడాది దాటిన లీజు సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ అయితేనే చెల్లుతుంది, కనీసం మూడేళ్లకి రాయించండి. లీజులో ఏ అంతస్తు, ఎన్ని చదరపు అడుగులు అని స్పష్టంగా ఉండాలి. "మేడ మీద భాగం" అని రాస్తే తనిఖీకి వచ్చినవాళ్లకి కొలవడానికి ఆధారం ఉండదు.

సొసైటీ బైలాలో ఆశయాల పేరా తీసి చూడండి. మహిళా సంక్షేమం, సాంఘిక సేవ అని మాత్రమే ఉంటే సరిపోదు. నైపుణ్య శిక్షణ, ఉపాధి కల్పన అనే మాటలు ఉండాలి. లేకపోతే సర్వసభ్య సమావేశం పెట్టి తీర్మానం చేసి, 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సవరణ దాఖలు చేయాలి. దీనికి నెలా రెండు నెలలు పడుతుంది, కాబట్టి అన్నిటికన్నా ముందు మొదలుపెట్టండి. మూడేళ్ల ఆడిట్ లెక్కలు కావాలి. ఆడిటర్ ఇచ్చే ప్రతి సర్టిఫికెట్ మీదా అక్షరాలు, అంకెలు కలిపి పద్దెనిమిది ఉండే యూడీఐఎన్ (ఆ సర్టిఫికెట్‌కి మాత్రమే ఉండే గుర్తింపు) నంబరు ఉండాలి, అది లేని సర్టిఫికెట్‌ని చెల్లని కాగితం కిందే లెక్కేస్తారు.

గదుల సంగతి. ఒక్కో ట్రైనీకి ఎన్ని చదరపు అడుగులు అన్నది ఆ కోర్సు మార్గదర్శకాల్లో ఉంటుంది. కొలిచేటప్పుడు గోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకే కొలవండి. గోడ మందం, మెట్లు, బాల్కనీ లెక్కలోకి రావు. కుట్టు ల్యాబ్‌కి ఒక లెక్క చెబుతాను. ఇండస్ట్రియల్ మిషన్ బల్ల సుమారు నాలుగు అడుగుల పొడవు, ఒకటీ ముప్పావు అడుగుల వెడల్పు ఉంటుంది. వెనక కుర్చీ, మనిషి కూర్చుని లేచే జాగా కలిపితే ఒక్కో మిషన్‌కి పద్దెనిమిది చదరపు అడుగులు పోతుంది. ట్రైనర్ మధ్యలో నడవడానికి, కటింగ్ బల్లకి, ఇస్త్రీ బల్లకి కలిపి మిషన్‌కి పాతిక చదరపు అడుగులు వేసుకుంటేనే ఇబ్బంది ఉండదు. ముప్పై మందికి 750 చదరపు అడుగుల హాలు. మీ ల్యాబ్‌లో ఇరవై మిషన్లే పడితే, పక్క క్లాస్‌రూమ్‌లో అరవై మంది పట్టినా మీ బ్యాచ్ ఇరవైయే. ఇరుకైన గదే సామర్థ్యాన్ని నిర్ణయిస్తుంది. ఇరవై చాలు అనుకుంటే ఇరవైకే పెట్టండి. ముప్పై అని రాసి మిషన్లు ఇరికిస్తే తనిఖీలో సామర్థ్యం కోసేస్తారు, ఆ కోత మీ రికార్డులో ఉండిపోతుంది.

మీ పది తొక్కుడు మిషన్లు లెక్కలోకి రావు, ముఖ్యంగా ఆపరేటర్ కోర్సుకి. దానికి కావాల్సింది కరెంటు మీద నడిచే సింగిల్ నీడిల్ లాక్‌స్టిచ్ మిషన్లు, వాటితో పాటు గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్. ఇది కాగితం కోసం పెట్టిన నిబంధన కాదు. తొక్కుడు మిషన్ వేగాన్ని కాలు ఆపుతుంది. ఇండస్ట్రియల్ మిషన్ పెడల్ మీద కాలు కాస్త గట్టిగా పడితే గుడ్డ చేతిలోంచి జారి పోతుంది. ఆ పెడల్‌ని సగం నొక్కి పట్టడం పాదానికి అలవాటవడానికే కొన్ని వారాలు పడుతుంది. తొక్కుడు మిషన్ మీద నేర్చుకున్న అమ్మాయిని పరీక్ష రోజు లాక్‌స్టిచ్ ముందు కూర్చోబెడితే మూలల దగ్గర కుట్టు గీత దాటిపోతుంది. ప్రాక్టికల్లో ఫెయిలయ్యేది అక్కడే. తొక్కుడు మిషన్లని స్వయం ఉపాధి టైలర్ కోర్సులో అదనపు సాధనకి ఉంచుకోండి, పరికరాల జాబితాలో మాత్రం చూపకండి.

మిషన్లు మారితే కరెంటు కూడా మారాలి. మిషన్‌ని నడిపే క్లచ్ మోటారు ఒక్కోటి సుమారు 400 వాట్లు. ముప్పై కలిపితే పన్నెండు కిలోవాట్లు, పైన ఇస్త్రీ పెట్టెలు, ఫ్యాన్లు. ఇంటి మీటరు మీద సింగిల్ ఫేజ్‌లో ఇది నడవదు. విద్యుత్ సంస్థ ఈపీడీసీఎల్ దగ్గర త్రీ ఫేజ్ కనెక్షన్‌కి, వాణిజ్య కేటగిరీకి దరఖాస్తు పెట్టండి. ఫేజ్‌కి పది మిషన్ల చొప్పున వైరింగ్ చేయించి, ఎర్తింగ్ వేరే వేయించండి. సర్వో మోటార్లు దొరికితే అవే తీసుకోండి. క్లచ్ మోటారు కుట్టకపోయినా తిరుగుతూ బిల్లు పెంచుతుంది, సర్వో పెడల్ నొక్కినప్పుడే తిరుగుతుంది. గృహ కేటగిరీ మీటరు మీద సెంటర్ నడిపితే బిల్లు కాపీ తనిఖీలో ఒక అభ్యంతరం, ఈపీడీసీఎల్ వాళ్లు పట్టుకుంటే అది ఇంకో కేసు.

పై అంతస్తు మీకు నిజమైన అడ్డంకి. దివ్యాంగులు రాగలిగే దారి ఉండాలి. లిఫ్ట్ లేని పై అంతస్తుకి తనిఖీలో దానికిచ్చే మార్కులు పోతాయి, కొన్నిచోట్ల సెంటర్‌నే తిరస్కరిస్తారు. ఇంటి యజమాని కింద భాగం ఇస్తే ల్యాబ్‌ని కిందకి దించండి. ఇస్త్రీ పెట్టెలూ, గుడ్డా, నూలూ ఉన్న గది కిందే ఉండటం మంటల దృష్ట్యా కూడా మేలు. ఏబీసీ రకం అగ్నిమాపక సిలిండర్ మీద రీఫిల్ తేదీ చీటీ ఉండాలి. చీటీ లేని సిలిండర్ ఉన్నా లేనట్టే. ఆడా మగా విడి మరుగుదొడ్లు, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె గురించి మీకు చెప్పక్కర్లేదు.

ట్రైనర్ గురించి. మీ దగ్గర ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న టైలరమ్మ ఉండొచ్చు, కానీ పోర్టల్ చూసేది మూడే: ప్యాక్‌లో రాసిన చదువు, తేదీలతో కూడిన పరిశ్రమ అనుభవ పత్రం, టీఓటీ (ట్రైనర్లకిచ్చే శిక్షణ) సర్టిఫికెట్. టీఓటీలో రెండు భాగాలు. ఒకటి ఆ కోర్సు విషయం. రెండోది పాఠం చెప్పే పద్ధతి, దాని కోడ్ ఎంఈపీ/క్యూ2601. ట్రైనర్‌కి మామూలుగా 80 శాతం మార్కులు రావాలి. మీ సొసైటీయే ఇచ్చిన అనుభవ పత్రం ఒక్కటే ఉంటే బలహీనం. గార్మెంట్ యూనిట్‌లో పనిచేసి ఉంటే ఆ యూనిట్ లెటర్‌హెడ్ మీద చేరిన తేదీ, మానేసిన తేదీలతో తెప్పించండి. ఎప్పుడూ ఇద్దరు ట్రైనర్లని సిద్ధంగా ఉంచుకోండి. బ్యాచ్ మధ్యలో ఉన్న ఒక్క ట్రైనరూ ప్రసూతికో, వేరే ఉద్యోగానికో వెళ్లిపోతే బ్యాచ్ ఆగుతుంది, ఆగిన బ్యాచ్‌కి డబ్బు ఆగుతుంది. మీ సీనియర్ టైలరమ్మకి చదువు అర్హత లేకపోతే ఆవిడని సహాయ ట్రైనర్‌గా పెట్టుకోండి. చేతి పని నేర్పడంలో ఆవిడకి సాటి ఎవరూ రారు, ఆవిడని వదులుకోవద్దు.

తనిఖీ రోజు వచ్చినవాళ్లు పోర్టల్లో మీరు పెట్టిన ఫోటోలు, కొలతలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ పోల్చి చూస్తారు. లొకేషన్ ముద్ర పడే ఫోటోలు తీస్తారు. ప్రతి మిషన్‌కీ నంబరు వేసి, ఆస్తుల రిజిస్టర్లో అదే నంబరు, కంపెనీ సీరియల్ నంబరు, బిల్లు నంబరు ఒకే వరుసలో రాసి ఉంచండి. ఇంకో సెంటర్ నుంచి మిషన్లు అరువు తెచ్చి తనిఖీ దాటించాలని చూసేవాళ్లున్నారు. తర్వాత ఆకస్మిక తనిఖీలో అదే మిషన్ ఇంకోచోట కనబడితే రెండు సెంటర్లూ పోతాయి. అభ్యంతరాలు రాస్తే కంగారుపడకండి. ఒక్కో అభ్యంతరానికి విడిగా, ఫోటోతో, తేదీతో గడువులోపు జవాబివ్వండి. "అన్నీ సరిచేశాం" అన్న ఒక్క వాక్యంతో ఉత్తరం పెడితే మళ్లీ తిరిగొస్తుంది.

డబ్బు ఎలా వస్తుందో తెలియక చాలామంది అప్పులపాలవుతారు. కేంద్రం 2015 జులైలో ఇచ్చిన ఉమ్మడి నిబంధనల పద్ధతిలో గంటకి ఇంత చొప్పున మూడు విడతలుగా ఇస్తారు: బ్యాచ్ మొదలయ్యాక 30 శాతం, సర్టిఫికెట్ వచ్చాక 50, ఉద్యోగాలు చూపాక 20. గంట రేటు కోర్సు కేటగిరీని బట్టి ఉంటుంది. లెక్క అర్థమవడానికి గంటకి 40 రూపాయలు, 300 గంటలు అనుకుందాం, మనిషికి 12,000. ముప్పై మందికి మొత్తం 3,60,000. మొదటి విడత 1,08,000. మధ్యలో ఎనిమిది మంది మానేసి 22 మందే పాసయ్యారనుకోండి. రెండో విడత 1,80,000 రాదు. పాసైన 22 మందికి 80 శాతం లెక్కగట్టి, అంటే 2,11,200లో, ముందిచ్చిన 1,08,000 తీసేస్తారు. మీకొచ్చేది 1,03,200. మానేసినవాళ్ల కోసం పెట్టిన ఖర్చు మీదే. మూడో విడత పాసైనవాళ్లలో 70 శాతం మందికి పని చూపిస్తేనే పూర్తిగా వస్తుంది. కాబట్టి కనీసం ఒక బ్యాచ్ మొత్తానికి అద్దె, జీతాలు, కరెంటు, గుడ్డ ఖర్చు మీ చేతిలో ముందే ఉండాలి. వడ్డీకి తెచ్చి నడిపితే మిగిలేది వడ్డీకే పోతుంది. మీరు దరఖాస్తు పెట్టే పథకం తాజా మార్గదర్శకాల్లో విడతల శాతాలు చూసుకుని ఇదే లెక్క మళ్లీ వేయండి.

మానేయడాన్ని తగ్గించేది బ్యాచ్ మొదలుపెట్టే నెల. మన వైపు జులై, ఆగస్టు ఊడ్పులు. నవంబరు, డిసెంబరు కోతలు, నూర్పులు. సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లు ఊరికొస్తారు, పండగ అయ్యాక కుటుంబాలతో మళ్లీ వెళ్లిపోతారు. ఉద్దానం, పలాస వైపు అయితే మార్చి నుంచి జీడి పనులు. అక్టోబరు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్ 12న, 2018లో తిత్లీ 11న తీరం దాటాయి, రోజుల తరబడి కరెంటు లేదు. రాజాం వైపు కుట్టు బ్యాచ్‌కి జనవరి చివరి వారంలో మొదలుపెట్టి ఎండలు ముదిరేలోగా ముగించడం అన్నిటికన్నా మంచిది. టార్గెట్ జులైలో ఇచ్చి వెంటనే మొదలుపెట్టమంటే ఊడ్పులు అయ్యే దాకా గడువు అడగండి, లేదా రోజుకి నాలుగు గంటల మధ్యాహ్నం షిఫ్టు పెట్టండి.

హాజరు ఆధార్ బయోమెట్రిక్ మీద పడుతుంది. కూలి పని చేసిన చేతులకి వేలిముద్ర పడదు. జీడిపిక్కలు వలిచేవాళ్లకైతే పెంకు నూనె చర్మాన్ని తినేసి గీతలే ఉండవు, జనపనార మిల్లు పని చేసిన చేతులదీ దాదాపు అంతే. వచ్చినా గైర్హాజరు పడితే కనీస హాజరు తగ్గి పరీక్షకి అర్హత పోతుంది. చేర్చుకునే రోజే ప్రతి ఒక్కరి వేలిముద్రా పరికరం మీద పరీక్షించండి. పడనివాళ్లని బ్యాచ్ మొదలవకముందే ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి, పథకం ఒప్పుకుంటే ముఖ గుర్తింపు వాడండి.

పేర్ల గొడవ ఇంకోటి. మన దగ్గర పైడితల్లి అనే పేరు పదిమందిలో ఇద్దరికి ఉంటుంది. ఇంగ్లీషులో ఆధార్‌లో మొదటి అక్షరం తర్వాత "వై", పదో తరగతి మెమోలో "ఏఐ", బ్యాంకు పాస్‌బుక్‌లో మధ్యలో ఖాళీ. అప్పలనాయుడు ఒకచోట ఒకే మాట, ఇంకోచోట రెండు మాటలు. పెళ్లయినవాళ్ల ఇంటిపేరు ఒక పత్రంలో పుట్టింటిది, ఇంకో పత్రంలో అత్తింటిది. ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే నమోదు చేయండి. సర్టిఫికెట్ ఆ పేరుతోనే వస్తుంది, తర్వాత మార్పించుకోవడం చాలా కష్టం. బ్యాంకు ఖాతా నంబరు కూడా పాస్‌బుక్ చూసి మీరే టైపు చేయండి. కౌశల్ వికాస్ యోజన మీద కాగ్ చేసిన పనితీరు ఆడిట్‌లో బయటపడ్డ పెద్ద లోపాలు ఇవే. బ్యాంకు ఖాతా గడుల్లో సున్నాలు, పనికిరాని అంకెలు ఉన్నాయి, ఒకే ఫోటో చాలామంది పేర్ల మీద ఉంది. అక్కడ ఖాళీగా వదిలిన ప్రతి గడి వెనకా తనకి రావాల్సింది అందని ఒక మనిషి ఉంది.

పరీక్ష పెట్టేది మీరు కాదు, బయటి అసెసర్. బ్యాచ్ నమోదు చేసేటప్పుడే పరీక్ష భాష తెలుగు అని ఎంచుకోండి, తెలుగు వచ్చిన అసెసర్‌నే కావాలని అడగండి. మర్చిపోతే ప్రశ్నలు ఇంగ్లీషులోనో హిందీలోనో తెర మీదకొస్తాయి. కుట్టడం వచ్చిన పిల్ల థియరీలో పోతుంది. ప్రాక్టికల్‌కి ట్రైనీకి మీటరు గుడ్డ, చెడితే మార్చడానికి అరమీటరు అదనంగా, డీబీ×1 పద్నాలుగో నంబరు సూదులు రెండేసి, నూలు చుట్టిన బాబిన్లు రెండేసి ముందురోజే బల్ల మీద పెట్టండి. మిషన్లన్నీ నూనె పోసి, పాత గుడ్డ మీద నడిపి, నూనె మరక కుట్టు మీద పడకుండా చూడండి. రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ ఉంచుకోండి, ఒకటి పోతే పరీక్ష రాసే ట్యాబ్‌లు ఆగిపోకుండా.

ఇక ఫ్రాంచైజీ. రెండు లక్షలు కట్టేముందు వాళ్లని నాలుగు కాగితాలు అడగండి. మన జిల్లాకి, మీ కోర్సుకి వాళ్ల పేరు మీద టార్గెట్ కేటాయించిన ఉత్తర్వు. సెంటర్‌ని వేరేవాళ్లతో నడిపించుకోవచ్చని పథకం వాళ్లకిచ్చిన అనుమతి. ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చాక ఎన్ని రోజుల్లో మీ వాటా మీ ఖాతాలో పడుతుందో రాసిన ఒప్పందం. ఆ సంస్థ బ్లాక్‌లిస్ట్‌లో లేదన్న నోటరీ ప్రమాణపత్రం. లీజు ఎవరి పేరు మీద, ట్రైనర్ల జీతం ఎవరి పుస్తకాల్లో, తనిఖీలో తప్పు పట్టుకుంటే జరిమానా ఎవరిది అన్నది కూడా ఒప్పందంలో ఉండాలి. మొదటి కాగితం చూపించలేకపోతే మిగతా మూడూ చదవనక్కర్లేదు, కట్టకండి. చూపించినా డిపాజిట్‌ని మొదటి విడత డబ్బు వచ్చాక అందులోంచి కోసుకోమనండి. టార్గెట్ నిజంగా చేతిలో ఉన్నవాళ్లు దానికి ఒప్పుకుంటారు.

మీకు నా సలహా: ఈ ఏడాది సొంతంగా స్వయం ఉపాధి టైలర్ ఒక్క కోర్సుకే, ఇరవై మందికే, కింది అంతస్తులోనే దరఖాస్తు పెట్టండి. ఈ వారం చేయాల్సినవి మూడు. బైలా సవరణకి సమావేశం నోటీసు ఇవ్వండి, ఇంటి యజమానితో కింది భాగం లీజు గురించి మాట్లాడండి, టీఓటీ తర్వాతి తేదీలు అప్పారెల్ స్కిల్ కౌన్సిల్ వాళ్లని అడగండి. హాలు కొలతలు లోపలి గోడల నుంచి తీసి ఇక్కడ పెడితే ఎన్ని మిషన్లు పడతాయో, ఎలా వేయాలో గీసి ఇస్తాను.